ఆన్‌లైన్ అడ్మిషన్ ఇంటర్వ్యూ: రాసుకున్న జవాబులు చూస్తూ చెప్పొచ్చా?

ప్రశ్న:
బ్రిటన్‌లో మ్యాథ్స్ డిగ్రీకి అప్లై చేశాను. డిసెంబర్‌లో వీడియో ఇంటర్వ్యూ. "ఈ సబ్జెక్టే ఎందుకు?" లాంటివాటికి జవాబులు రాసి స్క్రీన్ పక్కన అంటించుకుందామని ఉంది. కనిపెడతారా? ఇంగ్లిష్ తడబడుతుందని కూడా టెన్షన్.

జవాబు:
కనిపెడతారండి, కళ్లు పక్కకి పోతూనే ఉంటాయి. అయినా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి చోట్ల ఆ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగరు, లెక్కలోకి దింపేస్తారు. నన్నయితే ఎక్స్ పవర్ ఎక్స్ గ్రాఫ్ గీయమన్నారు. సున్నా దగ్గర ఏమవుతుందో తేలక ఆగితే, "చిన్న విలువలు వేసి చూడు" అని అందించారు. ఆ అందించినదాన్ని పట్టుకుని ముందుకెళ్తామా అన్నదే వాళ్లు చూసేది. అందుకే మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ లెక్క చేయడం అలవాటు చేసుకోండి. వినేవాళ్లు లేకపోతే గోడకి చెప్పండి, నేను అదే చేశాను.

మరో జవాబు:
టైమ్ జాగ్రత్త. అక్టోబర్ చివరి ఆదివారం బ్రిటన్ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, కాబట్టి ఇంటర్వ్యూ టైమ్‌ని మన టైమ్‌లోకి మార్చుకునేటప్పుడు అది లెక్కలోకి తీసుకోండి. ఇంటర్వ్యూలో షేర్డ్ వైట్‌బోర్డ్ (ఇద్దరూ స్క్రీన్ మీదే రాసే బోర్డు) ఉందంటే మౌస్‌తో గ్రాఫ్ గీయడం నరకం, స్టైలస్ (స్క్రీన్ మీద రాసే పెన్ను) ఉన్న టాబ్లెట్ చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
మరి ఇంగ్లిష్ సంగతి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
యాసకి మార్కులు పోవు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగండి, ఊహించి మాత్రం మొదలుపెట్టకండి.