గూగీ నవలలు ఏ వరుసల చదవాలె?

ప్రశ్న (నల్లగొండ):
మా పాఠకుల కూటమిల కెన్యా రచయిత గూగీ వా థియోంగో నవలల మీద మూడు ఆదివారాలు మాట్లాడుకోవాలనుకుంటున్నం. 'పెటల్స్ ఆఫ్ బ్లడ్'తో మొదలుపెడితే చానమంది మధ్యల్నే ఆపేస్తున్నరు. ఏది ముందు చదవాలె? ఈ నవల రాసినందుకే ఆయన్ను జైల్ల పెట్టిండ్రంటరు, నిజమేనా?

జవాబు (మిర్యాలగూడ):
అన్నా, దాన్ని చివరికి పెట్టుకోండి. సారా కంపెనీ డైరెక్టర్లు ముగ్గురి హత్యతోని మొదలై కథ వెంటనే పన్నెండేండ్లు వెనుకకు పోతది. డిటెక్టివ్ నవల అనుకుంటే విసుగొస్తది. మునీరా, కరేగా, వాంజా, అబ్దుల్లా ఇల్మొరోగ్ అనే ఊరికి ఎట్ల చేరిండ్రన్నదే అసలు సంగతి. కరువుల ఊరోళ్లు తమ ఎంపీని అడగనీకి నైరోబీకి బయలెల్లే భాగం దాకనన్న ఆగొద్దు. పాలమూరు వలసలు తెలిసినోళ్లకు దాన్ని విడమరిచి చెప్పే పనిలేదు.

ముందు 'వీప్ నాట్, చైల్డ్' (1964). చిన్నది, తిన్నగ పోతది. తర్వాత 'ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్' (1967). దీంట్ల చిక్కంత కాలంతోనే. పైకి నడిచేది 1963 డిసెంబరు 12, కెన్యా స్వాతంత్ర్య దినానికి ముందు కొద్దిరోజులే. లోపల 1952ల బ్రిటిషోళ్లు పెట్టిన ఎమర్జెన్సీ, నిర్బంధ శిబిరాలు మాటిమాటికి వస్తుంటయి. ముగో, గికోన్యో, ముంబి, కరంజా, కిహికా పేర్లు ఒక కాగితం మీద రాసుకొని, ఎమర్జెన్సీల ఎవరేం చేసిండ్రో ఎదురుంగ నింపుకుంట పోండి. ముగో సంగతి మాత్రం ఎవరూ ముందే చెప్పొద్దు, నవల సత్తువంత ఆడనే ఉన్నది.

జవాబు (మహబూబ్‌నగర్):
జైలుకు కారణం ఆ నవల కాదు సార్. 1977 జులైల దాన్ని ఆవిష్కరించిందే అప్పటి ఆర్థికమంత్రి మ్వాయి కిబాకి. అసలు కారణం నాటకం. గూగీ, ఇంకో రచయిత గూగీ వా మిరీ కలిసి గికుయు భాషల రాసిన 'న్గాహికా న్డీండా'ను కమిరీతు ఊరి రైతులు, కూలీలే ఆడిండ్రు. అక్టోబరు 2న మొదలైతే నవంబరు 16కల్లా లైసెన్సు తీసేసిండ్రు. డిసెంబరు ఆఖర్న అరెస్టు, విచారణ లేకుంటనే కమితి జైలు. ఇంగ్లిషు నవల కొందరికే అందుతది. భూమి పోగొట్టుకున్నోళ్లే తమ భాషల ఆ భూమి ముచ్చట చెప్తే సర్కారుకు భయం పుట్టింది. 1978 డిసెంబరుల ఇడిచిపెట్టిండ్రు.

జవాబు (దేవరకొండ):
ఆ జైల్ల టాయిలెట్ పేపర్ మీద రాసిన 'డెవిల్ ఆన్ ది క్రాస్'ను కూడ కలుపుకోండి. వరవరరావు అనువాదం 'మట్టికాళ్ల మహారాక్షసి' ఉన్నది. కథ చెప్పేది గిచాండి (గికుయుల జానపద గానం) పాటగాడు, అందుకే మనసుల చదివితే సగం పోతది. దొంగల పోటీ భాగాన్ని కూటమిల పైకి చదవండి, ఒక్కో దొంగ ప్రసంగం ఒక్కొక్కరికి ఇచ్చి.