పెద్దలకు అక్షరాలు నేర్పే ఖర్చు దండగేనా?

మారతహళ్లి శీను:
మా ఊరి బడికి సైన్సు టీచరు లేడు. అరవై ఏళ్ల అవ్వలకి మాత్రం పలకలు పట్టిస్తున్నారు. ఉల్లాస్ అనే వయోజన విద్య పథకానికి 2022 నుంచి 2027 దాకా 1,037.90 కోట్లట. ఆ డబ్బు పిల్లల మీద పెడితే యాభై ఏళ్లు అక్కరకొస్తుంది. పెద్దవాళ్లకి సంతకం నేర్పి అక్షరాస్యుల లెక్క పెంచుకోవడం తప్ప ఏముంది ఇందులో?

సైట్ సుధ:
శీను గారూ, పక్క లెక్క కూడా చూడండి. బడుల కోసం సమగ్ర శిక్షకి 2021-26 మధ్య 2.94 లక్షల కోట్లు. అంటే బడికి వంద రూపాయలు పెడితే వీళ్లకి 35 పైసలు. చదువు చెప్పేది కూడా జీతం లేని వాలంటీర్లే. ఆ 35 పైసలు లాక్కుంటే మీ సైన్సు టీచరు వచ్చేస్తాడా?

మారతహళ్లి శీను:
35 పైసలైనా జనం సొమ్మే. నేనడిగింది సంతకం సంగతి. రేషన్‌కి వేలిముద్రే కదా అడిగేది. ఇక సంతకం ఎవరిక్కావాలి?

కదిరి కుర్రోడు:
అన్న పాయింటు కరెక్టు. సంతకం ఎంత బాగా పెట్టినా వేలిముద్ర పడకపోతే బియ్యం రావు 😀

సైట్ సుధ:
సంతకం దగ్గరే ఆగిపోయారు మీరు. బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు మా సైట్‌లో మనవైపు ఆడవాళ్లు ఇటుకలు మోస్తారు. మొన్న ఒకావిడ హాజరు పుస్తకంలో తన పేరు పక్కన ‘అర’ అని ఉండటం చూసి, "పొద్దుగూకే దాకా మోస్తే సగం కూలీ ఏంది?" అని మేస్త్రీని నిలదీసింది. పాత పేజీలు తిప్పితే ఇంకా కొందరికి అలాగే పడి ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం అనే వయోజన విద్య తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లే కదా సారా మీద తిరగబడింది? 1993లో సర్కారు సారా నిషేధించక తప్పలేదు.

పాతకాలపు పెద్దాయన:
మా రాత్రి బడి లాంతరుకి వచ్చిన కిరసనాయిలు కూడా ఊరి పెద్దల ఇళ్లకే పోయేది.

మారతహళ్లి శీను:
నెల్లూరు కథ ముప్పై ఏళ్లుగా వింటున్నాం. మా ఆవిడ సర్కారు బడి టీచరు. చదువు రానివాళ్ల జాబితా రాయమని ఇంటింటికీ తిప్పారు. ఆ వారం అయిదో తరగతికి పాఠమే లేదు. మీ పిల్లలు ఇంటర్నేషనల్ స్కూల్లో ఉంటారు కాబట్టి మీకు నొప్పి తెలీదు.

సైట్ సుధ:
నా పిల్లల ఊసెందుకు? టీచరుని తిప్పింది ఆఫీసు, అవ్వలు కాదు. మా అమ్మని పదేళ్లకే మిరపకాయలు కోయడానికి పంపారు. చదువు హక్కు చట్టం 2010లో అమల్లోకొచ్చింది, అదీ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకి. అంతకుముందు బడి మొహం చూడని వాళ్లకి సర్కారు బాకీ ఉంది. బాకీ తీర్చేటప్పుడు లాభమెంత అని అడుగుతారా?

మారతహళ్లి శీను:
చేతిలో ఉన్నదే కాస్త అయినప్పుడు పాత బాకీ ముందా, విత్తనాలు ముందా? నేను విత్తనాలే కొంటాను. కఠినంగా ఉంటే ఉండనీ.

కదిరి కుర్రోడు:
అప్పిచ్చినోళ్లు పోయేదాకా ఆగితే ఆ బాకీ కూడా ఉండదులే అన్నా.

మారతహళ్లి శీను:
ఇందాక నా పక్కనే ఉన్నావు కదరా?

కదిరి కుర్రోడు:
వేలిముద్ర వరకే అన్నా.