పాత వాల్తేరు షెడ్డు ఫోటోలకు ఏఐ రంగులు: వేయాలా, వద్దా?

వాల్తేరు_యార్డు:
ఆవిరింజన్ల కాలంనాటి విశాఖ వాల్తేరు లోకో షెడ్డు (ఇంజన్లు నిలిపి బాగుచేసే చోటు) గ్రూపు ఫోటోలు ఈమధ్య వాట్సాప్‌లో రంగుల్లో తిరుగుతున్నాయి. ఇంజను ముందు కుర్చీలో ఫోర్‌మన్, పక్కన డ్రైవర్లు, ఇంజన్లో బొగ్గేసే ఫైర్‌మన్లు, వెనక వరసలో ఖలాసీలు (సహాయ పనివాళ్లు), ఇంజను తుడిచే క్లీనర్లు. ఎవరో ఏఐ యాప్‌లో పెట్టి, మొహాలు పదునుపెట్టి, రంగులేసి వదులుతున్నారు. ఇది మంచిదా కాదా అన్నది తేల్చుకుందాం.

నా మటుకు, అసలు ఫోటో జోలికి పోనంతవరకూ రంగులేస్తే నష్టం లేదు. పసుపెక్కిన బొమ్మను పిల్లలు చూసీ చూడనట్టు దాటేస్తారు. రంగుల్లో కనబడితే "ఈ తాతెవరు?" అని అడుగుతారు. జ్ఞానాపురంలో, కంచరపాలెంలో ఆ పేర్లు చెప్పగల పెద్దవాళ్లు తగ్గిపోతున్నారు. ఆ ప్రశ్న ఇప్పుడే పుట్టాలి. పైగా పాత స్టూడియోలవాళ్లు చేత్తో రంగులద్దిన ఫోటోలు మన ఇళ్ల గోడల మీదే ఉన్నాయి కదా.

గాజుపలక:
రంగు మాట తర్వాత. "మొహాలు పదునుపెట్టి" అన్నారు చూడండి, గొడవంతా అక్కడుంది. 6×8 అంగుళాల ప్రింటులో వరసకి పదిమంది ఉంటే ఒక్కో మొహం సుమారు పావు అంగుళం. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే ఆ మొహానికి అడ్డంగా 150 చుక్కలు. వాట్సాప్‌లో కుదించుకుపోయాక యాభైకి పడిపోతాయి. అందులో లేని కనురెప్పలు, మీసం అంచు యాప్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? తను నేర్చుకున్న వేరే మొహాల్లోంచే. తాత ఒంటి మీద ఎవరిదో మొహం అతికించి మనవడికి చూపిస్తున్నామన్నమాట.

చేతుల సంగతి ఇంకా దారుణం. ఫోటోకి పనిముట్టు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఉంటారు. పొడుగు ముక్కు నూనె డబ్బా ఉంటే డ్రైవరేమో, పార ఉంటే ఫైర్‌మనేమో, స్పానర్ ఉంటే ఫిట్టరేమో అని ఊహించడానికి అదే ఆధారం. క్లీనరు పిడికిట్లో కాటన్ వేస్టు (తుడిచే నూలు పోగులు) ముద్ద, కిందకి నాలుగు దారాలు వేలాడుతూ. ప్రింటులో అదొక బూడిదరంగు మచ్చ. యాప్ దాన్ని వేళ్లలో కలిపేస్తుంది, లేదా మడత రుమాలు చేసేస్తుంది. క్లీనరు, సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్, షంటర్ (యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే ఇంజను నడిపేవాడు), ఆపైన డ్రైవరు. ఆనాటి మెట్ల వరస అది. ముద్ద చెరిగితే ఆయన ఏ మెట్టు మీదున్నప్పుడు దిగిన ఫోటోనో ఇక తెలీదు.

గారట్_24:
అక్షరాల సంగతి కూడా చూడండి. వాల్తేరు రెండు కంపెనీలు కలిసిన చోటు. ఉత్తరం నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే, బెజవాడ వైపు నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా. టెండరు (ఇంజను వెనకుండే బొగ్గు, నీళ్ల బండి) మీద బి.ఎన్.ఆర్. ఉందా, ఎం.ఎస్.ఎం. ఉందా అన్నదాన్ని బట్టి ఇంజను ఎవరిదో తెలుస్తుంది. ఎం.ఎస్.ఎం. 1951లో సదరన్ రైల్వేలో కలిసింది. బి.ఎన్.ఆర్. 1952 ఏప్రిల్లో ఈస్టర్న్‌లో కలిసింది, 1955 ఆగస్టులో సౌత్ ఈస్టర్న్‌గా విడిపోయింది. మన వైపు ఇంజను మీద ఈ.ఆర్. (ఈస్టర్న్ రైల్వే) కనబడితే ఆ రాత ఆ మూడేళ్ల సందులోదే. మళ్లీ పెయింటు వేయడం ఆలస్యమైన ఇంజను మీద కొన్నాళ్లు ఎక్కువ నిలిచి ఉండొచ్చు, అంతే. తేదీ రాయని ఫోటోకి ఆ రెండు మిల్లీమీటర్ల అక్షరాలే తేదీ. యాప్ వాటిని ఏ లిపికీ చెందని గీతలు చేస్తుంది.

వెనకున్నది గారట్ రకం పెద్ద ఇంజను అయితే చక్రాలు లెక్కపెట్టండి. బి.ఎన్.ఆర్. ఎన్ క్లాసుకి మధ్యలో బాయిలరు, అటూ ఇటూ చక్రాల యూనిట్లు రెండు, మొత్తం 24 చక్రాలు. పూర్తిగా కనబడితే ఒక పక్కకి 12 రావాలి. అసలు ఫోటోలో ఉన్నన్ని "బాగుచేసిన" కాపీలో లేకపోతే దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

ఇక రంగు. పాత ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లకి, ఫిల్ములకి ఎరుపు కనబడదు. ఇంజను ముందు అడ్డంగా ఉండే ఎర్ర బఫర్ బీము నల్లగా పడుతుంది, నీలం డంగరీ (పని బట్టలు) వెలిసిపోయి తెల్లగా పడుతుంది, మనుషుల ఒళ్లు ఉన్నదానికంటే నల్లగా వస్తుంది. యాప్‌కి అది ఏ ఫిల్మో తెలియదు. బీముకి నలుపు, డంగరీకి ఖాకీ వేసేస్తుంది.

కంచరపాలెం_లోకో:
స్టూడియో రంగులతో దీన్ని పోల్చకండి, యార్డు గారూ. ఆ పెయింటరు పల్చటి రంగు పైన అద్దేవాడు, కింద ఫోటో గీత అలాగే ఉండేది. యాప్ గీతనే మార్చేస్తుంది. పదునుపెట్టడం ఆపేసి రంగు మాత్రం వేస్తామంటే నాకు అభ్యంతరం లేదు, కానీ "రంగులు ఊహించి వేసినవి" అని బొమ్మ లోపలే రాయాలి. కింద రాస్తే ఒక్క ఫార్వర్డుకే ఊడిపోతుంది.

వాల్తేరు_యార్డు:
మొహాల విషయంలో ఒప్పుకుంటున్నా. ఆ మీట నొక్కకూడదు. రంగు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా. సరే, చాలా ఇళ్లలో ఫోటో ఫ్రేము గాజుకి అతుక్కుపోయి ఉంటోంది. దాన్నెలా స్కాన్ చేయాలి?

గాజుపలక:
పీకొద్దు, తడపొద్దు. ఫోటో పైపొర జెలటిన్. మన సముద్రపు తేమకి, వానాకాలంలో చెమ్మ పట్టే బయటి గోడకి అది మెత్తబడి గాజుకి అంటుకుంటుంది. లాగితే బొమ్మ గాజు మీదే ఉండిపోతుంది. ఫ్రేము, వెనక అట్ట తీసి గాజుతో సహా స్కానరు మీద బోర్లించండి. పల్చటి సీఐఎస్ రకం స్కానర్లలో 2 మిల్లీమీటర్ల గాజు అడ్డొస్తే మసకొస్తుంది. కాస్త ఎడంగా ఉన్నదాన్నీ స్పష్టంగా తీసే సీసీడీ రకం స్కానరు కావాలి. లేదంటే కెమెరా నిటారుగా పెట్టి, అటూ ఇటూ 45 డిగ్రీల్లో రెండు లైట్లు పెట్టి తీయండి. ముదురు చోట్ల, అంటే సరిగ్గా ఇంజను ఒంటి మీద, నీలంగా వెండి మెరుపు కనబడితే లైట్లకీ లెన్సుకీ పోలరైజర్లు (మెరుపు తగ్గించే ఫిల్టర్లు) ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెడితే తగ్గుతుంది.

నలుపు తెలుపు ఫోటో అయినా 48 బిట్ల కలరులోనే, ఆటో కరెక్షన్ ఆపేసి, టిఫ్‌గా (నాణ్యత తగ్గని ఫైలు రకం) దాచండి. పసుపు మరక బ్లూ ఛానెల్లో ఎక్కువ పడుతుంది, రెడ్ ఛానెల్ విడిగా చూస్తే బొమ్మ తేటగా ఉంటుంది. అందులోనే చాలా ఫోటోలు ఏ యాపూ లేకుండా తేరుకుంటాయి. నెగెటివ్ అయితే దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ మీట ఆపేయండి. నలుపు తెలుపు నెగెటివ్‌లో బొమ్మ వెండిదే, ఆ వెండి ఆ కిరణాన్ని అడ్డుకుంటుంది, స్కానరు బొమ్మనే దుమ్మనుకుంటుంది.

లామినేషన్ చేయించొద్దు, పీవీసీ కవరు వద్దు, పాలిప్రొపిలీన్ మంచిది.

కంచరపాలెం_లోకో:
పేర్లకి నాదో పద్ధతి. ప్రింటు వెనక బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందుకి తేలుతుంది. స్కాన్ నుంచి తీసిన ప్రింటు మీద ట్రేసింగు కాగితం పరిచి తలల గీతలు గీసి, ఎడమ నుంచి నంబర్లు వేయండి. నంబరుకి ఎదురుగా పేరు, పని, చెప్పింది ఎవరు, ఏ రోజు. ఫోర్‌మన్ పేరు అందరికీ గుర్తుంటుంది, కాబట్టి అడగడం వెనక వరస నుంచి మొదలుపెట్టండి.

వాల్తేరు_యార్డు:
వెనక వరస నుంచే. ఆ కాగితం నిండాకే రంగు కాపీ బయటికి వదలాలని మా గ్రూపులో పెడుతున్నా. మీ దగ్గర స్కాన్లు ఉంటే టెండరు అక్షరాలు కనబడే చోటు మాత్రం పెద్దది చేసి ఇక్కడ పెట్టండి, గారట్ గారు చదువుతారు.