మ్యారో మార్పిడి తర్వాత సీఎంవీ: ముందే మాత్రలా, పీసీఆర్ చాలా?

దాత అన్న: తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్. హాఫ్ మ్యాచ్‌తో (కణాల గుర్తులు సగమే కలిసినా) మ్యారో, అంటే ఎముక మజ్జ, నేనే ఇస్తున్నాను. సీఎంవీ (ఒంట్లో నిద్రపోతూ ఉండి, రోగనిరోధక శక్తి తగ్గితే లేచే వైరస్) లేవకుండా మొదటి నుంచే లెటర్మోవిర్ మాత్రలు వాడదామని ఒక డాక్టరు గారు, వారం వారం పీసీఆర్ (రక్తంలో వైరస్‌ను పట్టే పరీక్ష) చేసి వైరస్ కనిపించినప్పుడే మందు మొదలుపెడదామని ఇంకొకరు అంటున్నారు. మాత్రల ఖర్చు విని ఇంట్లో అందరికీ టెన్షన్. మీరేమంటారు?

కరణంగారబ్బాయి: పీసీఆర్ చాలు. మన దగ్గర పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లో ఈ వైరస్ ఎప్పుడో చేరి ఉంటుంది. ‘పాజిటివ్ వాళ్లకే (వైరస్ ముందే ఒంట్లో ఉన్నవాళ్లకే) మాత్రలు’ అని డాక్టర్లు అన్నా, మన దగ్గర అందరికీ అన్నట్టే. లెటర్మోవిర్ మీద 2017లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో 48 వారాలకు మరణాలు మందు వాడినవాళ్లలో 20.9 శాతం, వాడనివాళ్లలో 25.5. ఆ తేడాను గట్టిగా నమ్మలేమని వాళ్ల లెక్కే చెప్పింది. ఆ డబ్బు దగ్గరుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

వార్డు సిస్టర్: అదే ట్రయల్‌లో 24 వారాలకు సీఎంవీ బాధ మందు వాడనివాళ్లలో 60.6 శాతమైతే వాడినవాళ్లలో 37.5 శాతమే, అది వదిలేశారేం? (మధ్యలో మానేసినవాళ్లకూ సీఎంవీ వచ్చినట్టే లెక్కేశారు, నిజమే.) వైరస్ లేచాక ఇచ్చేది గాన్‌సైక్లోవిర్. కొత్త మ్యారో అప్పుడప్పుడే కుదురుకుంటుంటే తెల్లకణాలను పడగొడుతుంది. కౌంట్ పెరగడానికి ఇంజెక్షన్లు, మళ్లీ అడ్మిషన్. ఆ బిల్లు ఎవరూ లెక్కేయరు. పైగా శాంపిల్ వారం తప్పకుండా వెళ్లాలి, రిపోర్టు వెంటనే రావాలి. డిశ్చార్జ్ అయి ఊరెళ్లాక అది ఎంతమందికి కుదురుతుంది? ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే మనిషిని దక్కించుకోవడం చాలా కష్టం.

కరణంగారబ్బాయి: హైదరాబాద్‌లో హాస్పిటల్ పక్కనే గది తీసుకుని ఉంటే ఆ ఇబ్బంది లేదు కదండీ.

వార్డు సిస్టర్: ఉండగలిగితే సరే. హాఫ్ మ్యాచ్‌లో సీఎంవీ రిస్కు ఎక్కువ, నా ఓటు మాత్రలకే.

ఫార్మసీ బాబాయ్: మాత్రలు వాడినా పీసీఆర్ తప్పదు, ఖర్చులో రెండూ కలపండి. మాత్రలు మామూలుగా 100 రోజులు వాడతారు, ఆపాక వైరస్ లేవొచ్చు. అందుకే రిస్కు ఎక్కువున్నవాళ్లకు 200 రోజుల దాకా వాడొచ్చని అమెరికాలో 2023లో అనుమతించారు. ఇంకోటి, లెటర్మోవిర్ హెర్పిస్‌నూ ఆటలమ్మ వైరస్‌నూ ఆపదు. వాటికోసం ఇచ్చే అసైక్లోవిర్ మానొద్దు. కొత్త మ్యారో ఒంటిమీద తిరగబడకుండా సైక్లోస్పోరిన్ ఇస్తుంటే లెటర్మోవిర్ రోజుకు 480 బదులు 240 మి.గ్రా. చాలు.

దాత అన్న: తమ్ముడికి సైక్లోస్పోరిన్ బదులు అదే పనికి ట్యాక్రోలిమస్ ఇస్తామన్నారు. గది చూసుకున్నాం. పీసీఆర్ అక్కడే చేస్తారా, బయటికి పంపుతారా అని అడుగుతాను. బయటికైతే అప్పు చేసైనా మాత్రలే.

ఫార్మసీ బాబాయ్: ట్యాక్రోలిమస్‌కైతే మాత్ర డోసు 480 అలాగే ఉంటుంది నాన్నా. కానీ రక్తంలో ట్యాక్రోలిమస్ పెరుగుతుంది, లెవెల్స్ చూస్తూ ఉండమనండి.