పైథాన్‌లో సొంత ఈవెంట్లు: హ్యాండ్లర్ తగిలించాక కూడా పలకడం లేదు

గోదాంలెక్క:

అందరికీ నమస్తే. పైథాన్ 3.11, గోదాం నిల్వల ప్రోగ్రాం. "సరుకు" అనే క్లాసుకి "నిల్వ_తగ్గింది" అనే ఈవెంటు కావాలి. "తెర1" అనే ఆబ్జెక్ట్‌లో "చూపు" అనే మెథడ్ ఉంది, నిల్వ తగ్గగానే అది నడవాలి. రాయాలనుకున్నది ఇంతే:

బియ్యం.నిల్వ_తగ్గింది += తెర1.చూపు

మూడు రకాలుగా రాశాను, మూడింటికీ మూడు తిప్పలు.

ఒకటి, క్లాసు బాడీలోనే ఖాళీ లిస్టు పెట్టి అందులో హ్యాండ్లర్లు (ఈవెంటు జరగగానే నడవాల్సిన ఫంక్షన్లు) చేరిస్తే, బియ్యానికి తగిలించింది కందిపప్పు తగ్గినా నడుస్తోంది.

రెండు, మూసేసిన తెరలు మెమరీలో మిగిలిపోకూడదని డండర్ ఇనిట్‌లో (__init__; డండర్ అంటే పేరుకి రెండువైపులా రెండేసి అండర్‌స్కోర్లు) వీక్‌సెట్ (లోపలున్నవాటిని బతికించి ఉంచని సెట్) పెట్టాను. ఎర్రర్ ఏమీ రాదు, హ్యాండ్లర్ మాత్రం ఒక్కసారి కూడా నడవదు. చేర్చిన మరుసటి లైనులోనే లెన్ (ఎన్ని ఉన్నాయని) అడిగితే 0 అంటోంది.

మూడు, ఈవెంటుని ప్రాపర్టీగా (చదివితే ఒక మెథడ్ నడిచే ఎట్రిబ్యూట్) పెడితే += దగ్గర ఎట్రిబ్యూట్ ఎర్రర్. విడ్డూరం ఏంటంటే, ఎర్రర్ వచ్చినా హ్యాండ్లర్ లోపల చేరిపోయి ఉంటోంది.

పైగా ఒక హ్యాండ్లర్‌లో ఎక్సెప్షన్ వస్తే దాని వెనకున్నవి నడవడం లేదు. బయటి లైబ్రరీ వద్దు, లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

—

సున్నాసూచీ:

మొదటిది తేలిక. క్లాసు బాడీలో రాసిన లిస్టు క్లాసు తయారైనప్పుడు ఒక్కసారే పుడుతుంది, ఆబ్జెక్టులన్నీ దాన్నే పంచుకుంటాయి. డండర్ ఇనిట్‌లోకి మారిస్తే సరి.

అసలు సంగతి రెండోదిలో ఉంది. "తెర1.చూపు" అనేది తెర1 లోపల దాచి ఉన్న వస్తువు కాదండీ. క్లాసులో ఉన్నది మామూలు ఫంక్షన్. మీరు చుక్క పెట్టి అడిగిన ప్రతిసారీ ఆ ఫంక్షన్, తెర1 రెండూ కలిపి అప్పటికప్పుడు కొత్త బౌండ్ మెథడ్ తయారవుతుంది. ఇంటర్‌ప్రెటర్‌లో చూడండి: "తెర1.చూపు ఈజ్ తెర1.చూపు" అంటే ఫాల్స్, == పెడితే ట్రూ. వీక్‌సెట్ దాన్ని గట్టిగా పట్టుకోదు, ఇంకెవరూ పట్టుకోలేదు, కాబట్టి ఆ లైను ముగియగానే రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎందరు పట్టుకున్నారన్న లెక్క) సున్నా, అది పోతుంది. అందుకే మీ లెన్ 0. తెర1 మాత్రం నిక్షేపంగా బతికే ఉంటుంది.

దీనికోసమే పైథాన్ 3.4 నుంచి వీక్‌రెఫ్ మాడ్యూల్లో వీక్‌మెథడ్ ఉంది. అది ఆబ్జెక్ట్‌ని, ఫంక్షన్‌ని విడివిడిగా బలహీనంగా పట్టుకుంటుంది. దాన్ని () పెట్టి పిలిస్తే బౌండ్ మెథడ్‌ని మళ్ళీ కట్టి ఇస్తుంది, ఆబ్జెక్ట్ పోయి ఉంటే నన్ (None, అంటే ఏమీ లేదని) ఇస్తుంది. నన్ వచ్చిన వాటిని లిస్టులోంచి తీసేయడం మీ పని.

వచ్చింది బౌండ్ మెథడా, మామూలు ఫంక్షనా అని తేల్చడానికి చాలామంది డండర్ సెల్ఫ్ ఎట్రిబ్యూట్ ఉందా అని చూస్తారు. అది నమ్మకండి. ప్రింట్ ఫంక్షన్‌కి కూడా డండర్ సెల్ఫ్ ఉంటుంది (బిల్టిన్స్ మాడ్యూల్), కానీ డండర్ ఫంక్ ఉండదు. ఈవెంటు పనిచేస్తోందో లేదో చూడ్డానికి అందరూ మొదట తగిలించేది ప్రింటే, వీక్‌మెథడ్ అక్కడే టైప్ ఎర్రర్ ఇస్తుంది. ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్లోని ఇజ్‌మెథడ్ వాడండి.

మాడ్యూల్లో డెఫ్‌తో రాసిన ఫంక్షన్‌కి మామూలు వీక్ రిఫరెన్స్ చాలు, మాడ్యూలే దాన్ని పట్టుకుని ఉంటుంది. అక్కడికక్కడ రాసిన లాంబ్డా (పేరులేని ఫంక్షన్), పార్షియల్ (కొన్ని ఆర్గ్యుమెంట్లు ముందే నింపిన ఫంక్షన్) మాత్రం మీ బౌండ్ మెథడ్‌లాగే పుట్టిన చోటే పోతాయి.

ఇంకొకటి. తెలుగు పేర్లు చెల్లుతాయి కానీ, పొల్లు విడిగా కనిపించడానికి కీబోర్డు పెట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్ పేరులో దూరితే సింటాక్స్ ఎర్రర్. ఆ అక్షరం కంటికి కనబడదు, ఎడిటర్‌లో వెతికి తీసేయాలి.

—

చుక్కముందుపేరు:

+= సంగతి చెప్తాను. "బియ్యం.నిల్వ_తగ్గింది += హ్యాండ్లర్" అంటే మూడు పనులు: ముందు ఎట్రిబ్యూట్‌ని చదువుతుంది, దానిమీద డండర్ ఐయాడ్‌ని (__iadd__, += కోసం ఉన్న మెథడ్) పిలుస్తుంది, వచ్చిన ఫలితాన్ని తిరిగి అదే ఎట్రిబ్యూట్‌కి అప్పగిస్తుంది. సెట్టర్ లేని ప్రాపర్టీలో మొదటి రెండూ అయిపోతాయి, మూడోది తన్నుతుంది. అందుకే ఎర్రర్ వచ్చేసరికే హ్యాండ్లర్ చేరిపోయింది.

ప్రాపర్టీ బదులు చిన్న డిస్క్రిప్టర్ (ఎట్రిబ్యూట్‌ని చదవడం, రాయడం తన చేతిలోకి తీసుకునే ఆబ్జెక్ట్) రాయండి. రెండు క్లాసులు చాలు: క్లాసు బాడీలో కూర్చునే "ఈవెంటు", ఒక్కో ఆబ్జెక్ట్‌కి విడిగా హ్యాండ్లర్ల లిస్టు మోసే "జాబితా".

ఈవెంటులో డండర్ సెట్ నేమ్ రాస్తే (3.6 నుంచి ఉంది) తనకు పెట్టిన పేరు తనకే తెలుస్తుంది. డండర్ గెట్‌లో ఆబ్జెక్ట్ నన్ అయితే, అంటే క్లాసు మీద నేరుగా అడిగితే, సెల్ఫ్‌నే తిరిగివ్వండి. లేకపోతే ఆబ్జెక్ట్ డండర్ డిక్ట్‌లో (దాని ఎట్రిబ్యూట్లు ఉండే డిక్షనరీ) ఆ పేరుతో జాబితా ఉందా చూసి, లేకుంటే కొత్తది పెట్టి ఇవ్వండి. జాబితాలో డండర్ ఐయాడ్ హ్యాండ్లర్‌ని చేర్చి సెల్ఫ్‌ని రిటర్న్ చేయాలి. ఇది మరిచిపోతే మూడో పనిలో ఎట్రిబ్యూట్‌లోకి నన్ వెళ్ళి కూర్చుంటుంది, ఆ తర్వాత ఎప్పుడో ఈవెంటు పేల్చినప్పుడు (అంటే హ్యాండ్లర్లని పిలిచినప్పుడు) "నన్‌టైప్‌ని పిలవలేం" అన్న ఎర్రర్ వస్తుంది. కారణం ఒకచోట, ఎర్రర్ ఇంకోచోట.

డండర్ సెట్ కూడా రాయమంటాను. లేకపోయినా += పనిచేస్తుంది, కానీ ఎవరైనా + మరిచి ఉత్త = కొడితే అప్పటిదాకా ఉన్న హ్యాండ్లర్లన్నీ చప్పుడు లేకుండా మాయం. డండర్ సెట్‌లో, వస్తున్నది ఇప్పటికే ఉన్న జాబితానే అయితే ఊరుకోండి, వేరేదైతే ఎట్రిబ్యూట్ ఎర్రర్ ఇవ్వండి.

కొందరు ఆబ్జెక్ట్‌ని కీగా పెట్టి వీక్‌కీడిక్షనరీలో (కీలని బతికించి ఉంచని డిక్షనరీ) జాబితాలు దాస్తారు. వద్దు. సరుకు డేటాక్లాస్ (ఫీల్డులు చెబితే డండర్ ఇనిట్, == వాటంతటవే తయారయ్యే క్లాసు) అయితే, మామూలుగా వదిలేస్తే దానికి హ్యాష్ (డిక్షనరీ కీకి కావాల్సిన సంఖ్య) ఉండదు, టైప్ ఎర్రర్ వస్తుంది. విలువల మీద హ్యాష్ పెట్టారా, ఒకే విలువలున్న రెండు సరుకులు ఒకే జాబితా పంచుకుంటాయి, మీ మొదటి తిప్పలే మళ్ళీ. స్లాట్స్ (ఎట్రిబ్యూట్ పేర్లని ముందే ఖాయం చేసే __slots__) వాడే క్లాసులో డండర్ డిక్ట్ ఉండదు కాబట్టి అక్కడ జాబితాకి ఒక స్లాట్ విడిగా ఇవ్వాలి. అలాగే హ్యాండ్లర్ ఉన్న తెర క్లాసే స్లాట్స్ వాడితే, అందులో డండర్ వీక్‌రెఫ్ చేర్చకపోతే వీక్‌మెథడ్ కుదరదు.

పేల్చేటప్పుడు లిస్టుని ముందు టపుల్‌గా (మార్చలేని లిస్టు) మార్చుకుని దానిమీద తిరగండి. హ్యాండ్లర్ తనను తానే తీసేసుకుంటే లిస్టు జరిగి, పక్కనున్న హ్యాండ్లర్ ఆ విడత తప్పిపోతుంది. ఒక్కో పిలుపుకీ ట్రై పెట్టి, "ఎక్సెప్షన్" వరకే పట్టుకోండి. ఉత్త ఎక్సెప్ట్ పెడితే కంట్రోల్ సీ కూడా అందులోనే మునుగుతుంది. పట్టుకున్నవన్నీ పోగేసి చివర్లో ఎక్సెప్షన్‌గ్రూప్‌గా పైకి పంపండి, మీ 3.11లోనే వచ్చింది. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సిగ్నల్స్‌లో సెండ్, సెండ్ రోబస్ట్ అని రెండున్నదీ ఇందుకే: మొదటిది తొలి ఎక్సెప్షన్ దగ్గరే ఆగుతుంది, రెండోది అన్నిటినీ పిలిచి ఎక్సెప్షన్లని ఫలితాలతోపాటు తిరిగిస్తుంది.

—

విడిచిపెట్టు:

పైవన్నీ సరైనవే, కానీ వీక్ రిఫరెన్స్‌ల మీద ఇంత భారం వేయడం నాకు నచ్చదు. "మూసిన తెర పోతుంది, హ్యాండ్లర్ దానంతటదే ఊడుతుంది" అన్నది సగం నిజం. తెర తన బటన్లని, బటన్లు తెరని పట్టుకుని ఉంటే అదొక చక్రం. రిఫరెన్స్ కౌంట్ సున్నా కాదు, గార్బేజ్ కలెక్టర్ (ఇలాంటి చక్రాల్ని వెతికి తీసేసేది) వచ్చేదాకా తెర బతికే ఉంటుంది. ఆలోపు ఈవెంటు పేలితే మూసేసిన తెర మీద "చూపు" నడుస్తుంది. పైపైలో (PyPy, మరో పైథాన్ ఇంటర్‌ప్రెటర్) అయితే చక్రం లేకపోయినా ఇంతే, అక్కడ రిఫరెన్స్ కౌంటింగే లేదు.

కాబట్టి తెర మూసేచోట -= రాయడం తప్పదు. వీక్‌మెథడ్ ఉంచుకోండి, మరిచిపోతే మెమరీ కాపాడటానికి మాత్రమే. అంతకన్నా నేనైతే += మానేసి "తగిలించు" అనే మెథడ్ పెట్టి, అది ఊడదీసే ఫంక్షన్‌ని తిరిగిచ్చేలా రాయమంటాను. -= లో లాంబ్డా తీయలేరు, రెండోసారి రాసిన లాంబ్డా వేరే వస్తువు కదా. ఊడదీసే ఫంక్షన్ చేతిలో ఉంటే ఆ గొడవ లేదు. నాలుగైదు ఈవెంట్లుంటే వాటిని కాంటెక్స్ట్‌లిబ్‌లోని ఎగ్జిట్‌స్టాక్‌కి కాల్‌బ్యాక్‌లుగా ఇచ్చి, తెర మూసేటప్పుడు ఒక్క క్లోజ్‌తో అన్నీ ఊడదీయొచ్చు.

ఇంకోటి, ఈవెంటు ఎప్పుడు పేల్చాలన్నది. హద్దు 50 బస్తాలైతే, 51 నుంచి 49కి దిగినప్పుడు ఒక్కసారే పేల్చండి, 48కీ 47కీ మళ్ళీ వద్దు. కొత్త నిల్వ రాసేశాకే పేల్చండి, ముందే పేల్చితే హ్యాండ్లర్‌కి పాత లెక్క కనిపిస్తుంది. హ్యాండ్లరే నిల్వ మార్చి, అది మళ్ళీ ఈవెంటు పేల్చితే చివరికి రికర్షన్ ఎర్రర్.

—

గోదాంలెక్క:

వీక్‌మెథడ్, డిస్క్రిప్టర్ రెండూ పెట్టాను, పలుకుతోంది. తెర మూసేచోట -= కూడా రాశాను. ధన్యవాదాలు. ఒక్కటే మిగిలింది: బార్‌కోడ్ స్కానర్ చదివేది వేరే థ్రెడ్‌లో, తెర టీకింటర్‌ది (పైథాన్‌తోపాటు వచ్చే కిటికీల లైబ్రరీ). హ్యాండ్లర్ ఏ థ్రెడ్‌లో నడుస్తుంది?

—

సున్నాసూచీ:

పేల్చిన థ్రెడ్‌లోనే. ఈవెంటు అంటే ఇక్కడ మామూలు ఫంక్షన్ పిలుపే, థ్రెడ్ మార్చే మంత్రం ఏమీ లేదు. అంటే మీ "చూపు" స్కానర్ థ్రెడ్‌లోంచి టీకింటర్‌ని ముట్టుకుంటుంది, అది ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి బిగుసుకుపోతుంది. హ్యాండ్లర్‌లో క్యూ మాడ్యూల్లోని క్యూలోకి కబురు వేసి ఊరుకోండి. తెర వైపు ఆఫ్టర్‌తో (కాసేపయ్యాక ఫంక్షన్‌ని పిలిచే టీకింటర్ మెథడ్) 100 మిల్లీసెకన్లకోసారి గెట్ నోవెయిట్‌తో ఎంప్టీ ఎక్సెప్షన్ వచ్చేదాకా లాగి, చివర్లో మళ్ళీ ఆఫ్టర్ పెట్టండి.

రేపు దీన్ని ఎసింక్‌ఐఓకి (ఒక లూప్ పనుల్ని వంతులవారీగా నడిపే లైబ్రరీ) మారిస్తే, వేరే థ్రెడ్ నుంచి లూప్‌లోకి రావడానికి కాల్ సూన్ థ్రెడ్‌సేఫ్ ఉంది. హ్యాండ్లర్ ఎసింక్ డెఫ్ అయితే పిలిస్తే చాలదు, కోరుటీన్ (ఇంకా మొదలవని పని) తయారై అలాగే పడుంటుంది, క్రియేట్ టాస్క్ కావాలి. ఆ టాస్క్‌ని ఒక సెట్‌లో వేసి ఉంచుకుని, పూర్తయ్యాక యాడ్ డన్ కాల్‌బ్యాక్‌తో తీసేయండి. లూప్ టాస్కుల్ని పట్టుకునేది వీక్ రిఫరెన్స్‌తోనే, ఇంకెవరూ పట్టుకోకపోతే పని మధ్యలోనే గార్బేజ్ కలెక్టర్ ఎత్తుకుపోవచ్చు.