అప్‌డేట్: బారెన్ ద్వీపాన్ని పడవలోంచే చూసి వచ్చాం

అమలాపురం నుంచి అమ్మను తీసుకొని అండమాన్ వెళ్తున్నామని, అక్కడి అగ్నిపర్వతమైన బారెన్ ద్వీపంపై దిగవచ్చా అని సంక్రాంతికి ముందు అడిగాను. దిగనివ్వరని మీరు చెప్పినదే నిజమైంది.

పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ అగ్నిపర్వతం, దీర్ఘకాలం నిద్రపోయి 1991లో మళ్లీ మేల్కొంది. శిఖరం నుంచి ఒడ్డు దాకా జారిన నల్లని బూడిద వాలును, దాని పక్కనే గడ్డకట్టిన లావాను, అంతలోనే మొదలయ్యే పచ్చని అడవిని చూసి, గులకరాయి కూడా దొరకని ఒండ్రునేలలో పుట్టిపెరిగిన అమ్మ, “గడ్డి తగలబెట్టిన చేనులా ఉందిరా” అంది. తిరుగు దారిలో డాల్ఫిన్లు పడవ ముందు ఈదుతుంటే నేను మాత్రం వాంతులతో ఒక మూల కూలబడ్డాను. రాజమండ్రి దగ్గరి మన గౌరీపట్నం క్వారీల నల్లరాయి కూడా కోట్ల ఏళ్ల కిందటి లావాయే కనుక, అక్కడి నుంచి తెచ్చి మా వీధిలో పోసిన కంకరను అమ్మ ఇప్పుడు ఆగి మరీ చూస్తోంది.