తాత పద్మిని కారు రిస్టోర్ చేయాల, ఎక్కడ్నుంచి మొదలుపెట్టేది?

పల్లె_పద్మిని:
అన్నలూ, మాది అనంతపురం దగ్గర పల్లె. తాత కొన్న 1978 ప్రీమియర్ పద్మిని చానా ఏండ్లుగా రేకుల షెడ్లోనే ఉండాది. ఇంజన్ పట్టేసింది, టైర్లు నాలుగూ చచ్చినాయి, డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తితే నేల కనపడతాంది. ఆర్సీ ఇంకా తాత పేరు మీదే ఉంది, ఆయన లేరు. మా నాయన డ్రైవింగ్ నేర్చుకున్నది ఈ బండి మీదే, మళ్లీ ఆయన చేతికే స్టీరింగ్ ఇయ్యాలని నా కోరిక. ముందు మంచి పెయింట్ కొట్టించి తర్వాత నెలనెలా కొంచెం కొంచెం ఇంజన్ పని చేయిద్దామనుకుంటున్నా, ఫ్రెండ్ ఏమో మారుతి 800 ఇంజన్ పెట్టించేయ్ అంటాడు. ఏం చేయమంటారు?

కర్నూలు_లేత్:
తమ్ముడూ, పెయింట్ అన్నిటికన్నా చివర్న. ఈ బండికి కింద వేరే చాసిస్ ఉండదు, బాడీనే చాసిస్, కాబట్టి ఫ్లోర్ తుప్పు అంటే అందం విషయం కాదు, బలం విషయం. జాకీ పెట్టే చోట్లు, డోర్ల కింద పొడుగ్గా ఉండే పట్టీ, డిక్కీ అడుగు, స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడు, దిగబడిందంటే ఆ రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాల్సిందే. లాంబీ (సొట్టలు నింపే పుట్టీ) పూసి మూసేస్తామనే టింకరింగ్ వాళ్ల దగ్గరికి పోవద్దు, రెండు వానలకే పొంగి లేస్తాది. మన సీమ ఎండకి కోస్తా బండ్లంత తుప్పు ఉండదు గానీ రబ్బరు మాత్రం ఏదీ మిగలదు, డోర్ బీడింగులు, హోస్ పైపులు, వైరింగ్ మీద తొడుగు అన్నీ ఎండిపోయుంటాయి.

ఇంజన్‌కి సెల్ఫ్ కొట్టొద్దు. ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలోనూ డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి వారం పది రోజులు నాననీ, తర్వాత టాప్ గేర్లో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు. చానా ఇంజన్లు దీనికే వదుల్తాయి. వదలకపోతే హెడ్ విప్పాల. 1089 సీసీ చిన్న ఇంజనే, బోర్ చేయించి (అరిగిన సిలిండర్లని లేత్‌లో కొంచెం వెడల్పు చేయించి) ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే సరిపోతాది. బ్రేకులు నాలుగూ డ్రమ్మే, చక్రాల్లో బ్రేకుని నెట్టే వీల్ సిలిండర్లు కచ్చితంగా పట్టేసుంటాయి, బండిని రోడ్డెక్కించక ముందే మార్చేయ్. పెయింట్ లేకుండానే కొన్నాళ్లు తిప్పు, లీకులన్నీ బయటపడినాక కలర్ గురించి ఆలోచించు.

కడప_క్లాసిక్స్:
పైన అన్న చెప్పింది కరెక్ట్, కానీ స్పానర్ పట్టకముందు కాగితాలు చూసుకో బ్రో. వారసత్వంగా పేరు మార్చడానికి ఫారం 31, ఆర్సీ రెన్యువల్‌కి ఫారం 25. చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఆర్సీతో కలుస్తున్నాయో లేదో మొదట శుభ్రంగా తుడిచి చదువు. మారుతి ఇంజన్ మాట మర్చిపో. 2021లో వచ్చిన వింటేజ్ రూల్ ప్రకారం 50 ఏండ్లు దాటిన బండికి వేరే రిజిస్ట్రేషన్ ఉంది, కొత్తగా చేయించుకుంటే 20,000 రూపాయల ఫీజు, పదేండ్లు నడుస్తుంది, కానీ బాడీ, ఇంజన్ ఒరిజినల్‌గా ఉండాల. మీ బండికి 2028లో 50 నిండుతాయి, ఇంత దగ్గరికొచ్చి ఇంజన్ మార్చుకుంటే ఎంత బాధ చెప్పు. రోజూ వాడుకోవడానికి మాత్రం ఆ రిజిస్ట్రేషన్ పనికిరాదు, అది గుర్తుపెట్టుకో.

స్పేర్ల గురించి దిగులొద్దు. బొంబాయిలో పద్మిని టాక్సీలు 2023 దాకా తిరిగినాయి కాబట్టి ఇంజన్ సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. నీకు బెంగళూరు జేసీ రోడ్డు దగ్గర, మాకైతే చెన్నై పుదుపేట. కష్టమల్లా క్రోమ్ బంపర్లు, గ్రిల్లు, లైట్ రింగులు, డోర్ హ్యాండిళ్లే, సొట్ట పడినా సరే ఒక్కటి కూడా పారేయొద్దు. విప్పేటప్పుడు ప్రతిదాన్నీ ఫోటో తీసి, ఆ బోల్టులు కవర్లో వేసి పేరు రాసిపెట్టు. పెట్రోల్ పైపులు, పెట్రోల్ పంపు లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) ఇథనాల్ తట్టుకునేవే వేయించు, ఇప్పుడొచ్చే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) పాత రబ్బరు ఉబ్బిపోయి లీక్ అవుతాది, వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే చానా ప్రమాదం.

పల్లె_పద్మిని:
థ్యాంక్స్ అన్నలూ, పెయింట్ ఆపేసినా, మారుతి ఇంజన్ కూడా వద్దని చెప్పేసినా. ఈ వారమే ఆర్టీవో ఆఫీసుకి పోతా. ఫ్లోర్‌కి ఎంత మందం రేకు తీసుకోవాల?

కర్నూలు_లేత్:
18 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు షీట్ తీసుకో. కోసే ముందు డోర్లు వేసి, బాడీ జరక్కుండా లోపల అడ్డంగా పైపులు టాక్ వెల్డింగ్ (అక్కడక్కడ చుక్కల్లా తాత్కాలిక వెల్డింగ్) పెట్టించు, రెండు పక్కలా ఒకేసారి కోయనీయొద్దు.